దసరాకి గింజ, కార్తీకంలో కూర: దిబ్బరొట్టె కట్టుకుని అడవి నడకకు వెళ్లడం ఎలా?

కార్తీకం దగ్గర పడుతుంటే ఏటా రెండు ప్రశ్నలు తప్పకుండా వస్తాయి. "బాల్కనీలో ఇప్పుడు ఏం వేస్తే తొందరగా చేతికొస్తుంది?" అనేది మొదటిది. "కేటరింగు, మైకులు, అంత్యాక్షరి లేకుండా ఇంట్లోవాళ్లం నలుగురం ప్రశాంతంగా వనభోజనానికి వెళ్లొచ్చే దారి ఉందా?" అనేది రెండోది. రెండిటికీ కలిపి ఒకే జవాబు రాస్తున్నాను. కుండీలో మెంతికూర వేయండి, ఆ కూరతో దిబ్బరొట్టె కాల్చండి, అది కట్టుకుని పొద్దున్నే అడవి దారి పట్టండి. అంతకు మించి ఏర్పాట్లు పెట్టుకుంటే ఆ ఆదివారం కూడా ఆఫీసు పనిలా తయారవుతుంది.

ముందు తేదీల లెక్క చూసుకోండి, మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది. విజయదశమి నుంచి దీపావళి అమావాస్యకు సుమారు 20 రోజులు. అక్కడి నుంచి నాలుగు రోజులకు నాగుల చవితి, పదిహేను రోజులకు కార్తీక పౌర్ణమి. మెంతికూర కోతకు రావడానికి 25 నుంచి 30 రోజులు పడుతుంది. అంటే దసరా నాడు గింజ పడితే నాగుల చవితికీ పౌర్ణమికీ మధ్య వచ్చే ఆదివారానికి కూర సిద్ధంగా ఉంటుంది. దసరా దాటిపోయిందని వదిలేయకండి. దీపావళికి వేసినా, కార్తీకం ముగిసిన మర్నాడు వచ్చే పోలి స్వర్గం లోపు ఒక కోత దొరుకుతుంది.

కావలసినవి

కుండీకి:
- ఆరంగుళాల లోతున్న టబ్బు, పళ్ల ట్రే లేదా థర్మాకోల్ పెట్టె, ఏదో ఒకటి. అడుగున చిల్లులు ఉండి తీరాలి
- ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్ట్, కోకోపీట్ సమపాళ్లలో, గుప్పెడు వేపపిండి
- ఒక చారెడు మెంతులు (వంటింట్లో ఉన్నవే చాలు)
- పైన కప్పడానికి పాత దోమతెర ముక్క

రొట్టెకి (నలుగురికి):
- మినప్పప్పు 1 గ్లాసు, ఇడ్లీ రవ్వ 2 గ్లాసులు
- జీలకర్ర, ఉప్పు, నూనె, తరిగిన మెంతికూర రెండు గుప్పిళ్లు
- మందపాటి ఇనప బాణలి, దాని మీద సరిపోయే మూత

నడకకి:
- బూట్లు, పొడుగు సాక్సులు, నిండు చేతుల చొక్కా, ప్యాంటు
- మనిషికి లీటరు నీళ్లు, దోమలూ పురుగులూ కుట్టకుండా రాసుకునే క్రీము, ఒక చుట్ట సెల్లోటేపు (ఎందుకో కింద చెబుతాను)

మొదటి భాగం: కుండీ

1. మెంతులు మొలుస్తాయో లేదో ముందు చూడండి. 20 గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో మూటకట్టి పెట్టండి. మూడు రోజుల్లో 15కి పైగా మొలకెత్తితే ఆ డబ్బా పనికొస్తుంది. పదికి తగ్గితే అవి పోపుకే, వేరే పొట్లం కొనండి. "గింజలు చల్లి రెండు వారాలైంది, ఏమీ రాలేదు" అని అడిగేవాళ్లలో ఈ చిన్న పరీక్ష చేసినవాళ్లు దాదాపు ఉండరు.

2. మంచి గింజలను రాత్రి నానబెట్టండి. పొద్దున నీళ్లు వంపేసి, మట్టి మీద అర అంగుళం ఎడంగా చల్లండి. పైన వేలి మందంలో సగం మట్టి కప్పితే చాలు. లోతుగా పూడిస్తే మొలక పైకి రాలేక లోపలే కుళ్లిపోతుంది.

3. చెంబుతో పోయకండి, గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి. చేత్తో చిలకరించండి, లేదా సీసా మూతకు చిల్లులు పెట్టి వాడండి. దోమతెర కప్పండి. నగరాల్లో మెంతి మొలకలకు మొదటి గిరాకీ పావురాలదే. మొలకలు రెండంగుళాలు లేచాక తెర తీసేయొచ్చు.

4. రోజుకు నాలుగైదు గంటల ఎండ తగలాలి. నీళ్లు పోసే ముందు వేలు అంగుళం లోతుకు దించి చూడండి. తడి తగిలితే ఆ పూట పోయొద్దు. మెంతి ఎండకన్నా మన అతిప్రేమకే ఎక్కువ చస్తుంది. మొలకలు కాడ మొదలు దగ్గర మెత్తబడి గుంపులు గుంపులుగా వాలిపోతుంటే అది నారుకుళ్లు. ఆ మేర మట్టితో సహా తీసి పారేసి, రెండు రోజులు నీళ్లు ఆపండి.

5. తెలంగాణలో అక్టోబరు సగం దాటేసరికి వానలు దాదాపు తగ్గిపోతాయి. కోస్తా, రాయలసీమల్లో అలా కాదు. ఈశాన్య రుతుపవనాలు, తుపాన్ల కాలం అప్పుడే మొదలవుతుంది. అక్కడి వాళ్లు బరువైన సిమెంటు కుండీలు కాకుండా ఎత్తి జరపగల ట్రేలు వాడితే, వాన హెచ్చరిక రాగానే సన్‌షేడ్ కిందకు లాక్కోవచ్చు.

6. మొక్క జానెడు ఎదిగి, పూత రాకముందే కోయండి. పూత వచ్చిందంటే చేదు పెరుగుతుంది, కాడ నారబడుతుంది. వేళ్లతో సహా పీకకుండా రెండంగుళాల కాడ వదిలి కత్తెరతో కోస్తే మళ్లీ చిగురించి ఇంకో కోత ఇస్తుంది. రెండో కోతలో ఆకు చిన్నదిగా ఉంటుంది, పప్పులోకి సరిపోతుంది.

మెంతి వద్దనుకునేవాళ్లు తోటకూర వేసుకోవచ్చు, దానికీ నెల రోజులే. విత్తనం మరీ సన్నం కాబట్టి పొడి ఇసుకలో కలిపి చల్లాలి. కొత్తిమీర ఈ లెక్కకు అందదు. ధనియాలను నలిపి రెండు బద్దలు చేసి వేసినా మొలవడానికే పది రోజులు దాటుతుంది, కోతకు నలభై రోజులు పట్టొచ్చు. టమాటా, వంకాయల సంగతి సంక్రాంతికి చూసుకుందాం.

చిక్కుడు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఈ నెలలో ఎక్కువమంది అడిగేది దాని గురించే. "ఆషాఢంలో పెట్టాం, పందిరంతా కమ్మేసింది, ఒక్క పువ్వు లేదు" అంటారు. మన నాటు పాదు చిక్కుడు పగలు పొట్టిబడితే గానీ పూయదు. ఎప్పుడు పెట్టినా సరే, ఆశ్వయుజం, కార్తీకం వస్తేనే దానికి పూత గుర్తొస్తుంది. అంతవరకు పాదు పీకేయకండి. కంగారుపడి యూరియా వేయడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. దాంతో ఆకు ఇంకా పెరుగుతుంది, పూత ఇంకా వెనక్కి పోతుంది. పూత మొదలయ్యాక చిగుళ్ల మీద నల్లగా పేనుబంక పడుతుంది. మొదట నీళ్ల పైపుతో గట్టిగా కొట్టి రాల్చండి. తగ్గకపోతే లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లండి. మిట్టమధ్యాహ్నం చల్లితే ఆకులు మాడతాయి. ఆ పాదు ఇప్పటికే కాస్తుంటే అదృష్టమే, లేతకాయలతో కూర వండి ఆదివారం మధ్యాహ్నానికి ఇంట్లో ఉంచుకోండి. ఇప్పుడు కొత్తగా గింజ పెడితే మాత్రం ఈ కార్తీకానికి అందదు.

రెండో భాగం: రొట్టె

దిబ్బరొట్టే ఎందుకంటే, పెసరట్టు పెనం మీద నుంచి నేరుగా పళ్లెంలోకి రావాలి, గంట ఆగితే తోలులా సాగుతుంది. ఇడ్లీ చల్లారితే పిల్లలు ముట్టరు. దిబ్బరొట్టె చల్లారాక కూడా బాగుంటుంది, సంచిలో నలగదు. కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లి మానేసేవాళ్లకీ ఇబ్బంది లేదు.

7. శనివారం మధ్యాహ్నం మినప్పప్పు నానబెట్టండి, నాలుగైదు గంటలు చాలు. నీళ్లు వీలైనంత తక్కువ పోసి, గారెల పిండికన్నా కొంచెం జారుగా రుబ్బండి. రవ్వను అరగంట నానబెట్టి, గట్టిగా పిండి, ఇందులో కలపండి. గరిటెతో తీస్తే ధారగా కారకుండా ముద్దలుగా పడాలి. దోశపిండిలా కారిందంటే రొట్టె లోపల ఉడకదు. అప్పుడు ఇంకాస్త పొడి రవ్వ కలిపి అరగంట ఆగండి.

8. హైదరాబాదులో ఆ రోజుల్లో రాత్రి చలి ఉంటుంది, పిండి బయటే ఉంచొచ్చు. విజయవాడ, రాజమండ్రి వైపు ఉక్కగా ఉంటే రెండు గంటలు బయట పెట్టి ఫ్రిజ్‌లోకి మార్చండి. దీనికి బాగా పులుపు అక్కర్లేదు.

9. మెంతికూర శనివారం సాయంత్రమే కోసి, కడిగి, ఆరబెట్టి, పొడిగుడ్డలో చుట్టి ఉంచండి. పిండిలో మాత్రం రాత్రి కలపొద్దు. ఉప్పు తగిలిన ఆకు నీరు వదులుతుంది, తెల్లారేసరికి పిండి పలచబడుతుంది. పొద్దున కాల్చే ముందే ఉప్పు, జీలకర్ర, తరిగిన ఆకు కలపండి.

10. బాణలి బాగా వేడెక్కాక రెండు పెద్ద చెంచాల నూనె వేసి, అంచుల దాకా తిప్పండి. సగం పిండి అంగుళం పైచిలుకు మందంతో పరచండి. మూత పెట్టి మంట పూర్తిగా తగ్గించండి. పావుగంట దాకా మూత తీయొద్దు. అంచులు బాణలిని వదిలి ఎర్రబడ్డాక అట్లకాడతో తిరగేసి, మూత లేకుండా ఇంకో పది నిమిషాలు. మిగతా పిండితో రెండోది.

అయ్యిందో లేదో చూడటానికి నడిమధ్యలో చాకు దించండి. తడి పిండి అంటకుండా రావాలి. పైన నల్లగా మాడి లోపల పచ్చిగా ఉందంటే తప్పు మంటదే, పిండిది కాదు. పలచటి అల్యూమినియం గిన్నెల్లో ఇలాగే అవుతుంది. ఇనప బాణలి లేనివాళ్లు మందపాటి నాన్‌స్టిక్‌లో మందం తగ్గించి కాల్చుకోవచ్చు, కానీ ఆ కరకర పెచ్చు రాదు. దిబ్బరొట్టెలో తగాదా పడేది ఆ పెచ్చు కోసమే కదా.

11. పూర్తిగా చల్లారాకే కట్టండి. వేడి మీద ఫాయిల్‌లో చుడితే ఆవిరికి పెచ్చు మెత్తబడిపోతుంది. అరిటాకులో గానీ, నూలుగుడ్డలో గానీ చుట్టండి. నంజుకోవడానికి బెల్లం ముక్కో, ఆవకాయో చాలు. గోదావరి వైపు వాళ్లు చెరకు పానకం అడుగుతారు, చిన్న సీసాలో పోసుకోవచ్చు. కొబ్బరి పచ్చడి మాత్రం తీసుకెళ్లొద్దు, తొమ్మిదింటి ఎండకే పాడవుతుంది.

మూడో భాగం: నడక

12. చోటు ఎంచుకోండి. హైదరాబాదు వాళ్లకు జూబ్లీహిల్స్ పక్కన కేబీఆర్ పార్కు ఉంది, చిలుకూరు దగ్గర మృగవని ఉంది. కాస్త దూరమైనా ఫర్వాలేదంటే వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలు, మూసీ పుట్టేది అక్కడే. విశాఖ వాళ్లకు ఊరి అంచునే కంబాలకొండ. విజయవాడ నుంచి కొండపల్లి కోట చుట్టుపక్కల కొండలు దగ్గర, బొమ్మలు చెక్కే తెల్లపొణికి చెట్టు పెరిగేది ఆ అడవిలోనే. తిరుపతి వైపు తలకోన. నల్లమల అని ఉత్సాహపడేవాళ్లకు ఒక మాట: అది పులుల అభయారణ్యం, సొంతంగా లోపల నడవనివ్వరు. అటవీశాఖ జీపులో సఫారీ వెళ్లొచ్చు, అది వేరే ఆదివారానికి. ఎక్కడికైనా సరే, గేటు వేళలు, టికెట్ ముందురోజే కనుక్కోండి. తుపాను తర్వాత వారం దారులు మూసేస్తుంటారు.

13. తెల్లారగానే మొదలుపెట్టండి. నవంబరులో పొద్దు ఆరు ప్రాంతంలో గానీ పొడవదు, అంతకుముందు చీకట్లో లోపలికి వెళ్లొద్దు. అలవాటు లేనివాళ్లకు, పిల్లలున్నవాళ్లకు రానూపోనూ నాలుగు కిలోమీటర్లు చాలు. గంట నడిచాక ఎంత దూరం వచ్చామన్నది పట్టించుకోకుండా వెనక్కి తిరగండి.

14. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకోండి. చూడటానికి బాగోదు, నిజమే. కానీ వానలు వెలిశాక గడ్డి నిండా పిడుదులు, కంటికి కనపడని పురుగులు ఉంటాయి. ఎండుటాకుల కుప్పల మీద అడుగు వేయొద్దు, రక్తపింజర వాటి రంగులోనే కలిసిపోయి పడుకుంటుంది. రాళ్ల సందుల్లో, పుట్టల్లో చేతులు పెట్టొద్దు. పాము కరిస్తే కోయడం, పీల్చడం, తాడు బిగించడం ఏవీ చేయకండి. కరిచిన కాలు కదపకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి, మందు ఆసుపత్రిలోనే ఉంది.

15. ఏం చూడాలి? బతుకమ్మకు కోయగా మిగిలిన తంగేడు ఇంకా పసుపుపచ్చగా కనిపిస్తుంది. దారికి అడ్డంగా బంగారు రంగు దారాలతో పెద్ద పెద్ద సాలెగూళ్లు ఉంటాయి. ఆ సాలీడు అరచేయంత కనిపించినా దానివల్ల మనకు ప్రమాదం లేదు, గూడు తెంచకుండా వంగి వెళ్లండి. ఉత్తరేణి గింజలు బట్టలకు అంటుకుని మీతో ఇంటికొస్తాయి. విశాఖలో ఏడాకుల పొన్న పూసే కాలమిది. దాని ఘాటు వాసన పడని ఆస్తమావాళ్లు ఇన్‌హేలర్ జేబులో వేసుకోవాలి.

దూలగొండిని మాత్రం పిల్లలకు ముందే చూపించండి. చింతకాయలా వంకర తిరిగి, ఒంటినిండా గోధుమరంగు నూగుతో తీగకు గుత్తులుగా వేలాడుతుంది. ఆ నూగు తగిలితే దురద భరించలేరు. గోకినా రుద్దినా ఇంకా లోపలికి దిగుతుంది. సెల్లోటేపు అక్కడ అతికించి లాగేయండి, నూగు దానితో వచ్చేస్తుంది. కొత్త ముక్కతో రెండు మూడు సార్లు చేసి, తర్వాత సబ్బుతో కడగండి. బట్టలు విడిగా ఉతకాలి.

16. రొట్టె ఎక్కడ తినాలి? కేబీఆర్, మృగవని లాంటి జాతీయ పార్కుల్లో లోపల తిండి తినడం సాధారణంగా కుదరదు, బయటికొచ్చి తినండి. అనంతగిరిలో కోతులు సంచి చప్పుడుకే వచ్చేస్తాయి, అందుకే ప్లాస్టిక్ కవరు కాకుండా గుడ్డసంచి తీసుకెళ్లండి. ఉసిరిచెట్టు కింద తినాలన్న పట్టింపు ఉంటే గుడి ఆవరణలోనో, తెలిసినవాళ్ల తోటలోనో చూసుకోండి. రిజర్వు అడవిలో పొయ్యి వెలిగించడం చట్టప్రకారం నేరం. చిన్న స్టవ్వే కదా అనే వాదన అక్కడ చెల్లదు. జాతీయ పార్కులో ఉసిరికాయలు, సీతాఫలాలు కోయడమూ అంతే. బయట బుట్టల్లో పెట్టుకుని అమ్మేవాళ్ల దగ్గర కొనుక్కోండి, వాళ్ల కాయే బాగా పండి ఉంటుంది.

ఇంటికొచ్చాక

17. బట్టలు మంచం మీద పడేయకుండా నేరుగా వేడినీళ్లలో నానబెట్టండి. సబ్బుతో స్నానం చేసి చంకలు, నడుము, గజ్జలు, మోకాళ్ల వెనక వెతుక్కోండి. పిల్లలకు చెవుల వెనక, తలలో కూడా. పిడుదు పట్టుకుని ఉంటే కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగండి.

18. ఆ తర్వాత మూడు వారాలలోపు ఎవరికైనా జ్వరం, గట్టి తలనొప్పి వస్తే ఒంటి మీద సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు ఉందేమో చూడండి. స్క్రబ్ టైఫస్ అనే జ్వరానికి అది గుర్తు. ఆకుల్లో, పొదల్లో ఉండే నలుసంత పురుగు కుట్టడం వల్ల వస్తుంది. వానల తర్వాతి నెలల్లో మన దగ్గర ఈ కేసులు కనపడుతుంటాయి. మచ్చ అందరికీ ఉండదు కాబట్టి, అది లేకపోయినా "మేం అడవిలో నడిచాం" అన్న మాట డాక్టరుకు మీరే చెప్పాలి. ఆ ఒక్క మాటతో పరీక్ష తొందరగా చేయిస్తారు. త్వరగా కనిపెడితే మామూలు యాంటీబయాటిక్‌తో తగ్గిపోతుంది, ఆలస్యమైతే ప్రమాదం. జ్వరం మాత్ర వేసుకుని వారం చూద్దాం అనుకోవద్దు.

విదేశాల్లో ఉన్నవాళ్లకు

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో కార్తీకం నాటికి మంచు పడే రోజులు వచ్చేస్తాయి, బయట మెంతి ఎదగదు. దక్షిణం వైపు కిటికీ దగ్గర ట్రే పెట్టి, పదిహేను రోజుల లేత మొలక మెంతినే వాడుకోండి, చేదు కూడా తక్కువ. ఆకులు రంగు మారే అడవుల్లో నడక మీకు ఇంకా బాగుంటుంది. కానీ అక్కడి పిడుదులు లైమ్ వ్యాధి తెస్తాయి, కాబట్టి 14, 17 అంకెల్లో చెప్పినవి మీకు మరింత అవసరం.

కోత తర్వాత కుండీ

కోసిన రోజు నీళ్లు పోయకండి. మర్నాడు గుప్పెడు వర్మీకంపోస్ట్ పైన చల్లి తడపండి. రెండో కోత అయ్యాక వేళ్లు పీకి పారేయకుండా ముక్కలు చేసి అదే మట్టిలో కలిపేయండి. మెంతి పప్పుజాతి మొక్క, దాని వేరు మట్టికి మేలే చేస్తుంది. పది రోజులు ఆగి అదే ట్రేలో పాలకూర వేసుకోవచ్చు. చలి ముదిరేకొద్దీ అది ఇంకా బాగా వస్తుంది.